ఇంకా చప్పుడు చేసేది ఉందా

"ఇంతకంటే చప్పుడు చేసేది లేదా?" అని అడిగింది మా మేనత్త.

పనిముట్ల దుకాణం ఆయన ముందు ఆమె వంక, తర్వాత నా వంక చూశాడు. ఏ వస్తువు చేతికిచ్చినా "గ్యారంటీ" అనకుండా ఇవ్వడు కాబట్టి మా వడ్రంగులకు ఆయన అసలు పేరుతో పని పడలేదు. అందరికీ ఆయన గ్యారంటీయే. అప్పటికి చాలాసేపటినుంచి చెక్క నునుపు చేసే ఒక గుండ్రటి సాండరుని బల్లమీద పెట్టి దాని సుగుణాలు వర్ణిస్తున్నాడు. పడవ ఒంపుల మీద గీత పడకుండా పాకుతుందట. చెక్కపొడి గాల్లోకి లేవనివ్వకుండా వెనక సంచిలోకి లాగేసుకుంటుందట. పక్కన పసిపిల్ల పడుకున్నా కదలదట, అంత మెత్తటి చప్పుడట. వ్యాపారస్తుడి మాటలే అయినా అందులో ఒక్కటీ అబద్ధం కాదు. నేను కొనాలని ఇంటిదగ్గర అనుకుని బయల్దేరింది కూడా దాన్నే.

"చప్పుడు తక్కువనే కదమ్మా దీన్ని చూపిస్తున్నాను" అన్నాడు గ్యారంటీ.

"అందుకే వద్దంటున్నాను."

నాకు ఒళ్ళు మండింది. పని చేసేది నేను, చెవులు పోగొట్టుకునేది నేను, ఎంపిక మాత్రం ఆవిడది. "అత్తా, మనం కొనేది పనిముట్టు, పెళ్ళి బ్యాండు కాదు" అన్నాను. ఆవిడ పట్టించుకోలేదు. అరల మీద వరసగా ఉన్న యంత్రాలను ఒకటొకటే వేసి చూపించమంది. గ్యారంటీ ఓపికున్నవాడు. ఒక్కోదాన్నీ దింపి, ప్లగ్గు పెట్టి, మీట నొక్కాడు. అత్త కళ్ళు మూసుకుని వింది. "ఇది తిరుగుతుండగా ఆ సుత్తి తీసుకుని బల్లమీద కొట్టండి" అంది ఆయనతో.

ఆయన కొట్టాడు. టక్, టక్, టక్.

"వినిపిస్తోంది. వద్దు" అంది.

ఇంకోటి పెట్టాడు. మళ్ళీ కొట్టమంది. మళ్ళీ వద్దంది. దుకాణంలో మేకులు కొనుక్కోడానికి వచ్చినవాళ్ళు మేకుల సంగతి మర్చిపోయి గుడ్లప్పగించి చూస్తున్నారు. చివరికి ఏ మూలనుంచో పాత రకం బెల్టు సాండరు తీశాడు గ్యారంటీ. ఇటుకంత బరువు, దుమ్ము సంచి చిరిగి ఉంది. మీట నొక్కితే దుకాణంలో డబ్బాలు అదిరాయి. ఆయన సుత్తితో బల్లమీద కొట్టడం కనిపించింది గాని వినిపించలేదు. అత్త కళ్ళు తెరిచింది. మావయ్య పోయాక ఆవిడ మొహంలో అంత ప్రశాంతత చూడటం అదే మొదటిసారి.

"ఇదే" అంది.

ఆ యంత్రం పడవకు పనికిరాదని నేను దారిపొడుగునా చెప్పాను. తలుపుల్లాంటి చదును చెక్కలకైతే సరే. పడవ పలక ఒంపు తిరిగి ఉంటుంది, పైగా పాతబడి పలచబడి ఉంటుంది. ఈ బెల్టు దానిమీద రెప్పపాటు ఎక్కువ ఆగిందంటే గుంట పడుతుంది. గుంటను ఎవరు పూడుస్తారు, మీ తమ్ముడా? ఆవిడ తమ్ముడంటే మా నాన్న. ఆయనకి మేకు కొట్టడం కూడా రాదు. ఈ మాటకి అత్త మామూలుగా నవ్వేది. ఆ రోజు బస్సు కిటికీలోంచి చూస్తూ, "ఆ పడవ నా దొడ్లోంచి లేచి నీళ్ళలో పడితేగాని నాకు కంటిమీద కునుకు రాదురా. నువ్వెలా చేస్తావో నాకు తెలీదు. చప్పుడు చేస్తూ చెయ్యి" అంది.

మావయ్య పడవలు బాగుచేసేవాడు. ఊళ్ళో పడవ పనివాళ్ళలో చెయ్యి తిరిగినవాడు. కుర్చీలు, బీరువాలు చేసే నన్ను చూస్తే ఆయనకి ఎప్పుడూ చిన్నచూపే. "నీ కుర్చీ విరిగితే మనిషి కింద పడతాడు. నా పడవ విరిగితే మనిషే ఉండడు" అని దెప్పేవాడు. దెప్పుతూనే పని నేర్పాడు. పాత పలకను కంటితో చూసి నమ్మకూడదని, కొయ్యసుత్తితో చివరినుంచి చివరిదాకా కొట్టుకుంటూ పోవాలని, గట్టి చెక్క ఖంగున పలుకుతుందని, పుచ్చిన చెక్క దుప్పటి మీద కొట్టినట్టు మూగగా ఉంటుందని చెప్పింది ఆయనే. ఆ ఇంట్లో పొద్దస్తమానం ఆ టకటకలే. అత్త ఆ చప్పుడు మధ్యనే వంట చేసింది, పిల్లల్ని పెంచింది, పెళ్ళిళ్ళు చేసి పంపించింది.

రేవులో జనాన్ని దాటించే సరంగు తన పాత పడవని ఆయనకి అప్పగించాడు. మావయ్య దాన్ని దొడ్లో రేకుల పాక కింద బోర్లించి, కొయ్య స్టాండ్ల మీద ఎత్తి పెట్టాడు. ఒక పొద్దున లోపలి పలకలు చూడటానికి కిందికి దూరాడు. స్టాండు జారింది. పడవ ఆయన మీదకి దిగింది. అక్కడికక్కడే పోయాడని, నొప్పి కూడా తెలిసి ఉండదని అందరం అనుకున్నాం. పరామర్శకి వచ్చినవాళ్ళ ముందు ఆ మాట ఎక్కువసార్లు అన్నది నేనే. అత్త ఒక్కసారీ అనలేదు. అప్పుడు నేను గమనించలేదు.

మనిషి చచ్చిన పడవని ఎవరూ ముట్టుకోనన్నారు. సరంగు మంచివాడు, ఒత్తిడి చెయ్యలేదు. కొన్నాళ్ళకి అత్తే కబురు పంపింది, వచ్చి పూర్తి చెయ్యమని. వచ్చిన రోజున నేను చేసిన మొదటి పని మావయ్య నేర్పినదే. స్టాండ్లు సరిచూసుకుని, ఆయన కొయ్యసుత్తే తీసుకుని పడవ ముక్కు దగ్గరనుంచి పలకల్ని కొట్టడం మొదలుపెట్టాను. అలా కాస్త దూరం వచ్చానో లేదో వంటింట్లో గిన్నె కింద పడింది. అత్త తడి చేతులతో పరుగెత్తుకొచ్చింది.

"ఆపరా."

"ఏమైంది అత్తా?"

"ఆ సుత్తి అవతల పెట్టు. ఈ ఇంట్లో ఇక ఎవరూ అలా కొట్టడానికి వీల్లేదు."

మొగుడు గుర్తొచ్చి ఉంటాడనుకున్నాను. సరేలెమ్మని సుత్తి పక్కన పెట్టి, చేత్తో తడిమి, ఉలి మొనతో గుచ్చి, కంటికి కనిపించిన పుచ్చునంతా గుర్తు పెట్టుకున్నాను. ఆ తర్వాతే, యంత్రాలతో చేస్తే త్వరగా అయిపోతుందని నేననడం, నేనూ వస్తానని ఆవిడ దుకాణానికి బయల్దేరడం.

బెల్టు సాండరుతో నా తలప్రాణం తోకకొచ్చింది. దాన్ని పలక మీద ఆనించడం అంటే కట్టు తెంచుకున్న దూడని పట్టుకోవడమే. పాత రంగు పొరలు పొరలుగా లేచి పాకంతా నీలం దుమ్ము. నేను భయపడినట్టే ఒకచోట గుంట పడింది. ఆ యంత్రాన్ని, దాన్ని అమ్మినవాణ్ణి, కొనిపించినవాళ్ళని గొంతెత్తి తిట్టాను. వినిపించే అవకాశం లేదని తెలిసి ధైర్యంగా తిట్టాను. మూలలకి మళ్ళీ చేత్తో గరుకు కాగితం రుద్దడమే. పాడైన పలకలు కోయడానికి నా జిగ్‌సా తెచ్చుకున్నాను. వైరు తడినేల మీద పాకడం ఇష్టం లేక డ్రిల్లు మాత్రం బ్యాటరీది వాడాను. అది దాదాపు నిశ్శబ్దంగా తిరుగుతుంది. అది తిరుగుతున్నప్పుడల్లా అత్త వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడేది. తల కొద్దిగా పక్కకి వాల్చి, పాక వైపు చెవి పెట్టి.

"ఏం కావాలి అత్తా?"

"ఏం లేదు. నువ్వేనా ఆ చప్పుడు?"

"ఏ చప్పుడు?"

లోపలికి పోయేది.

ఒక రోజు భోజనానికి కూర్చున్నాను. పాకలో సాండరు మోగుతోంది. నేను ఇక్కడుంటే అక్కడ మీట నొక్కిందెవరని ఉలిక్కిపడి లేచి వెళ్ళాను. ఎవరూ లేరు. యంత్రాన్ని వెల్లకిలా పడుకోబెట్టి, మీట మీద గుడ్డపేలిక గట్టిగా చుట్టి ఉంది. బెల్టు గాల్లో ఊరికే తిరుగుతోంది. నేను తింటున్నంతసేపూ కూడా పాకలో నిశ్శబ్దం ఉండకూడదని అత్త చేసిన ఏర్పాటు అది. నాకు కోపం రావాలి, రాలేదు. భయం వేసింది.

పేలిక విప్పి యంత్రం ఆపాను. చప్పుడు ఆగాక చెవుల్లో గుయ్‌మంటుంది కదా, అది కూడా మెల్లగా తగ్గింది. అప్పుడు వినిపించింది. బోర్లించిన పడవలోంచి, టక్. కాసేపాగి మళ్ళీ టక్.

ఎండకి రేకులు వేడెక్కి చెక్క సాగుతుంది, కొత్త మేకులు బిగువు సర్దుకుంటాయి. ఇలాంటివి నేను పుట్టిబుద్ధెరిగినప్పటినుంచీ వింటున్నాను. చెక్కతో బతికేవాడికి చెక్క మాట్లాడటం వింత కాదు. ఇదంతా నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకుంటూనే వంగి పడవ కిందికి చూశాను. నేల, చెక్కపొట్టు, ఇటు చివర నేను మర్చిపోయిన ఉలి. ఇంకేమీ లేదు. లేచి నిలబడ్డాను. నాకు తెలీకుండానే మీట నొక్కి, పేలిక మళ్ళీ చుట్టేశాను.

వాన మబ్బులు పట్టేవేళకి పడవ ఒక రూపానికొచ్చింది. సరంగు చూడటానికి వచ్చాడు. చుట్టూ తిరిగి, చేత్తో నిమిరి, "బాగుంది బాబూ. కొట్టి చూశావా?" అన్నాడు.

నేను కాలిదగ్గరి చెక్కపొట్టుని పక్కకి తోశాను.

"మీ మావయ్యైతే కొట్టి చూడకుండా గట్టుమీదనుంచి కదలనిచ్చేవాడు కాదు. ఇందులో బడిపిల్లలు ఎక్కుతారు. నువ్వు కొట్టి చూసి సరేనంటే రేపు మనుషుల్ని తీసుకొస్తాను. సరేననకపోతే రాను" అని పోయాడు. అందులో కటువేం లేదు. ఆ వృత్తిలో అది నమస్కారం పెట్టినంత మామూలు మాట.

వంటింట్లోకి వెళ్ళాను. అత్త పీటమీద కూర్చుని కూరగాయలు తరుగుతోంది. సరంగు అన్నది విన్నట్టే ఉంది.

"అత్తా, నువ్వు కాసేపు అలా మీ తమ్ముడింటికి వెళ్ళిరా. నేను కొట్టి చూసేస్తాను. తప్పదు. రంగు కింద పుచ్చు దాగి ఉంటే పిల్లలు మునుగుతారు."

"వెళ్ళినా వినిపిస్తుంది" అంది.

"అంత దూరమా?"

"మీ అమ్మ వంటింట్లో కూర్చున్నా వినిపిస్తోంది. బస్సులో వినిపిస్తోంది. నీళ్ళు కాగుతుంటే వినిపిస్తోంది." కత్తి పక్కన పెట్టింది. "కూర్చో. ఎవరికీ చెప్పలేదు. నువ్వు ఆయన పని నేర్చినవాడివి, నీకు చెప్పాలి."

కూర్చున్నాను.

"మీ మావయ్య అక్కడికక్కడే పోలేదురా. పడవ లోపలి అడ్డకొయ్య గుండెల మీద పడింది. అరవడానికి ఊపిరి ఆడలేదు. చేతిలో సుత్తి ఉంది. కొట్టాడు. నేను ఇక్కడే, ఇదే పీటమీద ఉన్నాను. టక్, టక్ అని వినిపిస్తూనే ఉంది. పలకలు చూసుకుంటున్నాడనుకున్నాను. ఆయన పని చేసుకుంటుంటే నాకు నిశ్చింత కదా. పాట కూడా పాడుకున్నాను. తర్వాత చప్పుడు ఆగింది. పని అయిపోయిందనుకున్నాను."

ఏడుస్తూ చెప్పి ఉంటే నేనేదైనా ఓదార్పు మాట అనగలిగేవాణ్ణి. ఆవిడ ఏడవలేదు. ఇంకెవరింట్లోనైనా భర్త అలా కొడితే భార్య పరుగెత్తేది. పడవ పనివాడి భార్య కనక పరుగెత్తలేదు.

"కొట్టి చూడు, వద్దనను" అంది. "దానికి ముందు నాకొక పని చేసిపెట్టు. ఆ పడవ కిందికి దూరి, ఆయన పడుకున్నచోటే పడుకో. ముందు పలకలు చూసేవాడిలా కొట్టు. కాసేపాగి, బయటికి రాలేనివాడిలా కొట్టు. నేను ఇక్కడే కూర్చుని వింటాను. రెండిటికీ తేడా తెలుస్తుందో లేదో నాకు తెలియాలి. తెలీకపోతే సరే, నా ఖర్మ అనుకుని బతుకుతాను. తెలిసేదైతే, తెలిసి ఉండాల్సిందైతే..." అక్కడ ఆగింది. "నిజంగా కొట్టరా. నా మీద ఒట్టు."

అది పిచ్చి కోరికని ఎవరైనా అంటారు. నేను కాదనలేకపోయాను. జాకీలు తెచ్చి, ఇటుకలు పేర్చి, పడవకి ఊతాలు రెట్టింపు చేశాను. అత్త గుమ్మంలో నిలబడి ప్రతి ఊతాన్నీ కుదిపి చూడమంది. చూశాను. అప్పుడు ఆవిడ లోపలికి వెళ్ళి పీటమీద కూర్చుంది. నేను సుత్తి పట్టుకుని కిందికి పాకాను.

లోపల చీకటి కాదు, అంచుల కిందనుంచి ఎండ పడుతోంది. కొత్త చెక్క వాసన, పాత తారు వాసన. వెల్లకిలా పడుకుంటే అడ్డకొయ్య సరిగ్గా గుండెల మీదకి వచ్చింది. ముందు పనివాడిలా కొట్టాను. ముక్కువైపునుంచి మొదలుపెట్టి, జరుగుతూ, వీపుమీద పాకుతూ, పలక పలకకీ మారుతూ. సన్నచోట సన్నగా, మందంచోట లావుగా పలికింది. మూగచోటు ఎక్కడా లేదు. పడవ గట్టిదే. ఆ సంతోషం నాకు ఆ క్షణంలో దేనికీ కొరగాలేదు.

తర్వాత తిరిగి అడ్డకొయ్య కిందికి వచ్చి పడుకున్నాను. గుండెలమీద బరువున్నవాడు ఎంత దూరం కొట్టగలడు? మోచెయ్యి నేలకి ఆనించి, మణికట్టు మాత్రమే ఆడించి చూశాను. సుత్తి ఒకే పలకకి, ఆ పలకలోనూ ఒకేచోటుకి అందింది. ఇంకెక్కడికీ అందదు. ఒకే చప్పుడు, పైకీ కిందికీ మారని చప్పుడు. నాకే కాదు, ఆ ఇంట్లో ఇన్నేళ్ళు వంట చేసిన ఎవరికైనా తేడా తెలిసిపోతుంది. అది నేను కొట్టి వినిపిస్తే ఆవిడ ఆ పీటమీదనుంచి మళ్ళీ ఎలా లేస్తుందో నా ఊహకి అందలేదు.

అందుకని చెయ్యి జరిపాను. రెండోసారి కూడా పలక మార్చి, చోటు మార్చి, ఇటు సన్నగా, అటు లావుగా, పని చేసుకునేవాడిలాగే కొట్టాను. చివర్లో కాస్త నెమ్మది చేసి ఆపేశాను. ఒట్టు సంగతి గుర్తుంది. ఇలాంటి ఒట్టు తప్పినందుకు ఏ పాపం వచ్చినా నేనే పడతాననుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

వంటింట్లోకి వెళ్ళేసరికి అత్త తరగడం మొదలుపెట్టేసింది.

"విన్నావా?"

"విన్నాను. రెండూ ఒక్కలాగే ఉన్నాయి" అంది.

నా గుండెలమీదనుంచి నిజంగానే ఎవరో బరువు దించినట్టైంది. "చూశావా అత్తా. ఎవరు విన్నా పని చేసుకుంటున్నాడనే అనుకుంటారు. నువ్వైనా నేనైనా అంతే" అన్నాను. గ్లాసు నీళ్ళు ముంచుకుని తాగాను.

"చెయ్యి జరిపావు" అంది అత్త.

గ్లాసు కింద పెట్టాను.

"ఆ రోజు చప్పుడు జరగలేదురా. ఒకేచోట మోగింది. చాలాసేపు ఒకేచోట. నాకు తెలీకపోవడమేమిటి, ఆ తేడా తెలిసేటంతగా జీవితమంతా ఉన్నాను ఈ ఇంట్లో." తరిగిన ముక్కలు గిన్నెలోకి తోసింది. "పుచ్చు దొరికినట్టుంది, పాపం, ఈ పూట రావడం ఆలస్యమవుతుందనుకున్నాను. వంట చల్లారిపోకుండా మూతలు పెట్టాను."

ఆవిడ అనుకున్నది సరైనదే. పుచ్చు దొరికితే మేం చేసేది అదే. అక్కడే ఆగి, అది ఎంత లోతుకి పోయిందో తెలిసేదాకా ఒకేచోట కొడతాం. మావయ్య నాకు నేర్పిందీ అలాగే. ఆ పొద్దున ఆ పీటమీద నేను కూర్చుని ఉన్నా నేనూ లేచేవాణ్ణి కాదు. ఇంత సులువైన సంగతి పడవ కింద పడుకున్నప్పుడు నా బుర్రకి తట్టలేదు. తట్టి ఉంటే నిజంగానే కొట్టి, వచ్చి, ఆవిడ కళ్ళలోకి చూసి ఇదే చెప్పేవాణ్ణి.

"అత్తా" అన్నాను. "పుచ్చు దొరికితే ఒకేచోటే కొడతాం. నేనున్నా అదే అనుకునేవాణ్ణి. ఒట్టు. ఇది మాత్రం నిజం అత్తా."

ఆవిడ తలెత్తి నా మొహం వంక చూసింది. తర్వాత నా చేతిలో ఇంకా ఉన్న సుత్తి వంక చూసింది.

"నువ్వు మంచివాడివిరా" అంది. ఒక్క ముక్క కూడా నమ్మలేదు.